వార్డులో కాలువ కట్టే ముందు నీళ్ల దారి కనిపెట్టడం

మునిసిపాలిటీలో అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)గా నేను వేయించిన మొదటి సీసీ రోడ్డు పొడవు నూట అరవై మీటర్లు. పాత తారు రోడ్డు మీదే పదిహేను సెంటీమీటర్ల మందాన కాంక్రీటు పోయించాను. అంచులు గీత గీసినట్టు వచ్చాయి. నవంబరులో వాయుగుండం పట్టింది. రెండో రోజు రాత్రి ఆ వీధి నుంచి కబురొస్తే గొడుగేసుకుని వెళ్లాను. రోడ్డు మీద నీళ్లు లేవు. అవన్నీ ఎడమ వైపు వరస ఇళ్లలో ఉన్నాయి. ఒక ముసలామె బియ్యం డబ్బాను మంచం మీదికి ఎత్తి, దాని పక్కనే కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "నాయనా, ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో ఉండాను. నీళ్లు వాకిట్లోకి వచ్చేవి, పోయేవి. గడప దాటింది ఇదే మొదలు" అంది.

ఆ పదిహేను సెంటీమీటర్లు నేను పెంచినవే. ఎస్టిమేట్‌లో పొడవు, వెడల్పు, మందం రాశాను. ఆ ఇంటి గడప ఎత్తు ఎంతో రాయలేదు, కొలవనూ లేదు. ఆ తర్వాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల చిన్న ఊళ్లలోనే సర్వీసంతా గడిచింది. రిటైరయ్యాక ఇది రాస్తున్నది కావలి, కందుకూరు, ఆత్మకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం, గిద్దలూరు లాంటి ఊళ్లలో కొత్తగా చేరిన, వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువలు, నీళ్ల పనులు చూసే వార్డు ఎమినిటీస్ సెక్రటరీల కోసం, మొదటిసారి గెలిచిన కౌన్సిలర్ల కోసం. పెద్ద నగరాలకు కన్సల్టెంట్లు ఉంటారు. మన ఊళ్లకు మనమే.

వానలోనే తిరగాలి

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ప్రకాశంలో నైరుతి, ఈశాన్య రుతుపవనాలు దాదాపు సమంగా పంచుకుంటాయి. మనం ఎస్టిమేట్లు తయారుచేసేది మాత్రం ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా మంజూరు కావాలన్న టెన్షన్‌లో. ఎండిన వీధిలో నిలబడి నీళ్ల గురించి రాస్తాం. తప్పు అక్కడే మొదలవుతుంది.

కాబట్టి సర్వే వానాకాలంలోనే చేయండి. వాన పెద్దదైనప్పుడు వార్డు మ్యాపును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, టేపు, ఎర్ర ఆయిల్ పెయింటు డబ్బా, బ్రష్ తీసుకుని బయల్దేరండి. కరెంటు స్తంభాలకు దూరంగా నడవండి, తడి స్తంభాన్ని ముట్టుకోవద్దు. నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో ఫోటో తీసుకుని, వాన తగ్గాక ఆ మట్టం దగ్గర ఏదైనా ప్రభుత్వ గోడ మీదో, కల్వర్టు పిట్టగోడ మీదో గీత పెట్టి తేదీ రాయండి.

ప్రతి చోటా మూడు సంగతులు రాసుకోవాలి. నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, ఎంత లోతు నిలిచాయి, ఎన్ని గంటలకు పోయాయి. మూడోదే అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. వాన ఆగిన అరగంటలో నీళ్లు పోయాయంటే దారి ఉంది, కాలువ చాలలేదు లేదా కాలువలోకి దిగే కంతలు మూసుకుపోయాయి. ఒక రోజంతా నిలిచాయంటే అసలు బయటికి దారే లేదు. ఈ రెండో రకం చోట ఎంత పెద్ద కాలువ కట్టినా అది పొడుగాటి నీళ్ల తొట్టి అవుతుంది, దోమలు పెరుగుతాయి.

మనుషుల్ని అడిగేటప్పుడు "మీ వీధిలోకి నీళ్లు వస్తాయా?" అని అడగవద్దు. అందరూ వస్తాయనే అంటారు, కాలువ కావాలి కాబట్టి. "అమ్మా, పోయిన వానకు ఏ మెట్టు దాకా వచ్చాయో చూపించండి" అని అడగండి. చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ వార్డులో పదేళ్లకు పైగా పని చేసిన పారిశుధ్య కార్మికుల్ని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఏ మలుపులో పూడిక పేరుకుంటుందో, ఏ ర్యాంపు కింద పార దూరదో వాళ్లకు తెలిసినంతగా ఏ డ్రాయింగులోనూ ఉండదు. నాకు మా పని నేర్పిన వాళ్లలో సగం మంది వాళ్లే.

పాత కాగితాల్లో వాగు

తర్వాత తాసీల్దారు ఆఫీసు నుంచి గ్రామ పటం, కావలసిన సర్వే నంబర్ల ఎఫ్ఎంబీ (హద్దుల కొలతలతో గీసిన పటం) నకళ్లు తెచ్చుకోండి. మన ఊళ్లు చాలావరకు చెరువుల కింద పుట్టిన ఊళ్లు. చెరువుకు నీళ్లు తెచ్చే వాగు ఒకటి, నిండితే పొర్లే కలుజు ఒకటి, ఆ కలుజు నీళ్లు కింది చెరువుకు పోయే దారి ఒకటి ఉంటాయి. పటంలో వాగు పోరంబోకు అని గీతలు కనిపిస్తాయి. ఆ గీతల మీద ఇప్పుడు ఏముందో చూడండి. చాలాచోట్ల ప్లాట్లు, కల్యాణ మండపాలు, కొన్నిచోట్ల మనమే వేసిన రోడ్డు కనిపిస్తాయి.

వానలో మీరు గీసుకున్న మ్యాపును ఈ పటం మీద పెట్టి చూస్తే నీళ్లు నిలిచిన చోట్లు చాలావరకు పాత వాగు దారిలోనే పడతాయి. నేను పని చేసిన ప్రతి ఊళ్లోనూ ఇది చూశాను. ఆక్రమణలు తీయించడం ఏఈ చేతిలోనో, సెక్రటరీ చేతిలోనో ఉండదు. అది రెవెన్యూ, టౌన్ ప్లానింగ్, కౌన్సిల్ కలిసి చేయాల్సిన పని. మీ చేతిలో ఉన్నది ఒకటే: ఇంకా మిగిలిన దారిని కొలిచి, ఫోటోలతో, సర్వే నంబర్లతో ఫైలులో పెట్టడం. కొత్త లేఅవుటు అర్జీ వచ్చినప్పుడు ఆ ఫైలు బల్ల మీదుంటే వాగు మిగులుతుంది.

లెవెల్స్ తీయడం

లెవెల్స్ అంటే ఏ చోటు ఎంత ఎత్తులో ఉందన్న లెక్క. ఇది చాలామంది వదిలేసే పని. వదిలేయవద్దని చేతులు పట్టుకుని చెబుతున్నాను. కంటికి పల్లంగా కనిపించేది పల్లం కాకపోవచ్చు. సమతలంగా కనిపించే వీధిలో వంద మీటర్లకు అడుగు తేడా ఉండొచ్చు.

ఆటో లెవెల్ (ముక్కాలి మీద నిలబెట్టి ఎత్తులు చూసే దుర్బిణి) ఉంటే దానితో, లేకపోతే అద్దెకు తెచ్చుకుని చేయండి. ముందు వార్డులో కదలని గుర్తు ఒకటి ఎంచుకోవాలి. గుడి మెట్టు, పాత కల్వర్టు పిట్టగోడ, ఓవర్‌హెడ్ ట్యాంకు పునాది లాంటివి మంచివి. కరెంటు స్తంభం పనికిరాదు, మారుస్తారు. ఆ గుర్తుకు 100.000 మీటర్లు అని పేరు పెట్టుకోండి. దాని మీద స్టాఫ్ (అంకెలు గీసిన పొడుగాటి కొలబద్ద) నిలబెడితే రీడింగు 1.425 వచ్చిందనుకుందాం. అప్పుడు పరికరం చూపు ఎత్తు 101.425. వీధి మొదట్లో స్టాఫ్ పెడితే 1.980 వచ్చింది, అంటే అక్కడి నేల 99.445. నూట ఇరవై మీటర్ల అవతల వీధి చివర 2.340 వచ్చింది, అంటే 99.085. తేడా 36 సెంటీమీటర్లు. 120 మీటర్లను 0.36తో భాగిస్తే 333. ఆ వీధి వాలు 333కి ఒకటి. మళ్లీ మొదటి గుర్తు దగ్గరికి వచ్చి స్టాఫ్ పెట్టి చూడండి. ఒక వార్డు చుట్టి వచ్చాక సెంటీమీటరుకు మించి తేడా వస్తే ఎక్కడో తప్పు చదివారు, మళ్లీ తీయండి.

పరికరం లేదంటే మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, పదిహేనేసి మీటర్లు జరుపుకుంటూ పోవాలి. నెమ్మదిగా సాగుతుంది గానీ జాగ్రత్తగా చేస్తే సీసీ కాలువకు సరిపోయేంత ఖచ్చితంగా వస్తుంది. ఊళ్లో రైల్వే స్టేషన్ ఉంటే దాని పసుపు బోర్డు మీద సముద్ర మట్టానికి ఎత్తు రాసి ఉంటుంది. ఊరి మొత్తానికి ఒకే లెక్క కావాలనుకున్నప్పుడు అది ఒక అందాజు ఇస్తుంది. కానీ బోర్డు దగ్గర ఆ ఎత్తు సరిగ్గా దేనికి కొలిచారో తెలుసుకోకుండా దాన్ని డిజైనుకు వాడకండి.

తీయాల్సిన లెవెల్స్ రోడ్డు మధ్యవి మాత్రమే కావు. రోడ్డు మధ్య, రెండంచులు, ఉన్న కాలువ అడుగు, ప్రతి ఇంటి గడప. అవును, ప్రతి ఇంటి గడప. నూట అరవై మీటర్ల వీధికి ఒక పూట పని. ఆ పూట నేను మిగుల్చుకున్నందుకే ఆ ముసలామె రాత్రంతా మంచం మీద కూర్చుంది.

ఎన్ని నీళ్లు వస్తాయి

లెక్క కష్టమేమీ కాదు. నీళ్లు వచ్చే విస్తీర్ణం హెక్టార్లలో, వాన తీవ్రత గంటకు మిల్లీమీటర్లలో, నేల మీద ఇంకకుండా పారే వాటా — ఈ మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఘనపు మీటర్లలో వరద వస్తుంది. ఒక వీధి కాలువలోకి నాలుగు హెక్టార్ల నీళ్లు, అంటే సుమారు పదెకరాల నీళ్లు వస్తాయనుకోండి. గంటకు 50 మిల్లీమీటర్ల వాన. ఇళ్లు, సిమెంటు వాకిళ్లు నిండిన చోటు కాబట్టి పారే వాటా 0.7. నాలుగు, యాభై, 0.7 గుణిస్తే 140. 360తో భాగిస్తే 0.389. అంటే సెకనుకు 389 లీటర్లు. వాన తీవ్రత 50 అన్నది ఉదాహరణకే. మీ ఊరికి ఏది తీసుకోవాలో పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ వాళ్లతో మాట్లాడి ఖాయం చేసుకోండి.

ఇప్పుడు కాలువ. 60 సెంటీమీటర్ల వెడల్పు, అందులో 50 సెంటీమీటర్ల లోతు నీళ్లు పారే సీసీ కాలువను తీసుకుందాం. వాలు 200కి ఒకటి ఉంటే అది సెకనుకు సుమారు 460 లీటర్లు మోస్తుంది. వాలు 500కి ఒకటైతే అదే కాలువ మోసేది 290 లీటర్లు. 1000కి ఒకటైతే 200 చిల్లర. సిమెంటు అంతే, ఇనుము అంతే, ఖర్చు అంతే. మోసే నీళ్లు సగం కన్నా తక్కువ. లెవెల్స్ తీయకుండా "60 బై 60 డ్రెయిన్" అని ఎస్టిమేట్ రాస్తే మనకు ఈ మూడింటిలో ఏది దొరుకుతుందో తెలియదు. పైగా వాలు తగ్గి నీటి వేగం సెకనుకు 0.6 మీటర్ల కన్నా తగ్గితే ఇసుక, మట్టి కొట్టుకుపోకుండా అడుగున కూర్చుంటాయి. అందుకే రోజువారీ మురుగు కొద్దిగా పారే కాలువల్లో అడుగు చదునుగా పోయకండి. మధ్యలో గాడిలాగా లోతు పెడితే ఆ కొద్ది నీళ్లు కూడా వేగంగా కదులుతాయి.

రోడ్డు దాటే చోట ఇంకో పెద్ద పొరపాటు జరుగుతుంది. కాలువంతా సరిగ్గా కట్టి, రోడ్డు కింద 30 సెంటీమీటర్ల హ్యూమ్ పైపు (కాంక్రీటు గొట్టం) వేస్తారు, అది స్టోరులో ఉంది కాబట్టి. 200కి ఒకటి వాలులో ఆ పైపు నిండా పారినా సెకనుకు 70 లీటర్ల లోపే. మనకు రావాల్సినవి 389. మిగిలిన నీళ్లు వెనక్కి తన్ని వీధిలోకి ఎక్కుతాయి. అదే వాలులో 60 సెంటీమీటర్ల పైపు 430 లీటర్ల దాకా మోస్తుంది. వ్యాసం రెట్టింపైతే మోసే శక్తి ఆరు రెట్లు దాటుతుంది. మీ ఊళ్లో ప్రతి కల్వర్టు కిందికీ వంగి టేపు పెట్టి చూడండి. ఎన్నో చోట్ల కొత్త కాలువ అవసరమే లేదు, ఆ ఒక్క పైపు మారిస్తే చాలు.

చివర నుంచి కట్టుకు రావాలి

కాలువ పని ఎప్పుడూ నీళ్లు పోయే చివర మొదలవ్వాలి. నిధులు ముక్కలు ముక్కలుగా వస్తాయి, ప్రతి కౌన్సిలరూ తన వీధి ముందు కావాలంటారు. అందులో తప్పు లేదు, వాళ్లకు ఓటేసినవాళ్లు ఆ వీధి వాళ్లే. కానీ ఎగువ వీధిలో కాలువ పూర్తయి, దిగువన దారి లేకపోతే ఇన్నాళ్లూ నేల మీద పరుచుకుని నెమ్మదిగా వచ్చే నీళ్లు ఇప్పుడు ఒక్కసారిగా దిగువ వీధి మీద పడతాయి. కౌన్సిల్ సమావేశంలో మాటలతో ఇది చెబితే ఎవరికీ ఎక్కదు. లెవెల్స్ అంకెలతో పెద్ద కాగితం మీద కాలువ పొడవునా ఎత్తుపల్లాల గీత గీసి గోడకు అతికించండి. ఏ వీధి ఎంత పల్లమో అందరికీ కనిపిస్తుంది. నేను అలా గీసి పెట్టిన ఒక ఊళ్లో ఎగువ వార్డు కౌన్సిలరే లేచి, తన వార్డుకు వచ్చిన డబ్బు ఆ ఏడాదికి దిగువ కల్వర్టుకు వాడమన్నారు.

కాలువ చివర చెరువులోనో, ఏటిలోనో కలిసే చోట ఇంకో లెవెల్ కావాలి: వరద రోజున ఆ చెరువు, ఆ ఏరు ఎంత ఎత్తులో ఉంటాయన్నది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు కోవూరు మండలం పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోతకు గురైంది, రైలు పట్టాలూ దెబ్బతిన్నాయి. అంత వరద ఉన్నప్పుడు ఒడ్డునున్న ఊళ్ల కాలువలు బయటికి పారవు, ఏటి నీళ్లే కాలువల గుండా ఊళ్లోకి వెనక్కి వస్తాయి. అలాంటి చోట కాలువ మూతికి ఒకవైపే తెరుచుకునే రేకు తలుపు పెట్టాలి. ఆ తలుపు మూసుకుని ఉన్న గంటల్లో ఊరి వాన నీళ్లు తోడి పోయడానికి పంపు పెట్టే చోటు, కరెంటు పాయింటు ముందే ఉండాలి. తలుపు అతుకుల్లో చెత్త చేరకుండా సెప్టెంబరులోనే చూసుకోండి.

రోడ్డు ఎత్తు పెంచవద్దు

పాత రోడ్డు మీద కొత్తది వేస్తే ఒక్కోసారికి పదిహేను సెంటీమీటర్లు. రెండుసార్లు వేస్తే అడుగు. ఇళ్లు ఉన్నచోటే ఉంటాయి. పాతది తవ్వి తీసి, ఆ మట్టానికే కొత్తది వేయాలి. తవ్వకం, తరలింపు ఐటెమ్‌లు ఎస్టిమేట్‌లో తప్పకుండా పెట్టండి. వాటిని తీసేస్తే ఇంకో ముప్పై మీటర్లు వస్తుందని ఎవరైనా అంటే గడపల లెవెల్స్ చూపించండి. పూర్తయిన రోడ్డు అంచు ఆ వీధిలోని అన్నిటికన్నా పల్లపు గడప కన్నా కనీసం అర అడుగైనా కిందుండాలన్నది నేను పాటించిన లెక్క. రోడ్డు మధ్య నుంచి అంచుకు నూటికి రెండు చొప్పున వాలు చాలు. నాలుగు మీటర్ల రోడ్డుకు మధ్యలో నాలుగు సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. కాలువ గోడ పైభాగం రోడ్డు అంచు కన్నా పైకి లేవకూడదు. లేస్తే పది అడుగులకో కంత వదలాలి.

కాంక్రీటు పోసే రోజు సంగతులు అందరూ చెప్పేవే కాబట్టి త్వరగా చెబుతాను. బస్తా సిమెంటుకు 22, 23 లీటర్లకు మించి నీళ్లు పోయనివ్వకండి, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. పని తేలికవుతుందని బకెట్లతో కుమ్మరిస్తారు, బలం అక్కడే పోతుంది. బలం పరీక్షకు పంపే కాంక్రీటు దిమ్మలు, అంటే క్యూబులు, మీ కళ్ల ముందే పోయించండి. నాలుగు మీటర్లకు మించకుండా అడ్డంగా జాయింట్లు మర్నాటిలోగా కోయించండి. ఆలస్యమైతే కాంక్రీటు తనకు నచ్చిన చోట పగులుతుంది. మడులు కట్టి పద్నాలుగు రోజులు నీళ్లు నిలపండి. మే నెల ఎండలో పోస్తే మొదటి మూడు రోజులు గోనె పట్టాలు ఆరనివ్వకండి.

కాలువలో తాగునీటి పైపు

ఎన్ని ఊళ్లు తిరిగినా నాకు నిద్ర పట్టనివ్వని దృశ్యం ఇదే. మురుగు కాలువలో మునిగి వీధి కుళాయి కనెక్షన్ పైపులు పోతుంటాయి. రోజుకో పూట, రెండు రోజులకో పూట నీళ్లు వదిలే ఊళ్లలో మిగిలిన సమయమంతా ఆ పైపులు ఖాళీ. ఖాళీ పైపు లోపలికి పీలుస్తుంది. చిన్న చీలిక ఉంటే చాలు, మురుగు లోపలికి చేరి, మర్నాడు మొదటి బిందెలో వస్తుంది. ఆ బిందె నీళ్లు చిన్నపిల్లలూ తాగుతారు.

కాలువ ఎస్టిమేట్ రాసేటప్పుడే ఆ వీధిలో ఎన్ని పైపులు కాలువను దాటుతున్నాయో లెక్కపెట్టి, వాటిని కాలువ పై మట్టం మీదుగా గట్టి ఇనుప తొడుగులో దాటించే ఐటెమ్ పెట్టండి. అదే రోజు తవ్వకంలో అయిపోతుంది. తర్వాత చేద్దామంటే ఎప్పటికీ కాదు. వీధి చివరి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేస్తూ ఉండండి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ట్యాంకు దగ్గర బాగుండి చివర సున్నా వస్తే మధ్యలో ఎక్కడో మురుగు కలుస్తోందని అనుమానించి వెతకండి.

కాలువ మీద కడప బండలు పరిచి సిమెంటుతో మూసేస్తారు ఇళ్లవాళ్లు. బండి ఎక్కాలి, వాళ్ల ఇబ్బందీ నిజమే. పగలగొట్టడం కన్నా ముందే అచ్చుపోసిన పలకలు, ఇద్దరు మనుషులు ఎత్తగలిగే బరువున్నవి, మన ఎస్టిమేట్‌లోనే ప్రతి గుమ్మం ముందూ ఇవ్వడం మేలు. తీసిన పూడికను గట్టున కుప్ప పోసి వదిలేయవద్దు. ఒక వాన చాలు, అది మళ్లీ లోపలికి చేరుతుంది. ట్రాక్టరు వచ్చిన రోజే తీయించండి.

మెట్ట ప్రాంతం ఊళ్లకు ఒక మాట. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు నీళ్లు ముంచే రోజులు కొన్నే, కరువు రోజులు చాలా. ఆ నేలలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. అక్కడ వాన కాలువను ఊరి బయటికి తరిమేసే దారిగా కాకుండా చెరువును నింపే దారిగా గీయండి. వాన నీళ్లకూ మురుగుకూ వేరే కాలువలు ఉంటేనే ఇది కుదురుతుంది. కలిసిపోయిన చోట చెరువులోకి వదలకండి.

చివరిగా లెవెల్స్ పుస్తకం. పని అయ్యాక ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) రికార్డు రూముకు పోతుంది. అందులో బిల్లుకు కావలసిన కొలతలు ఉంటాయి గానీ వచ్చే ఇంజనీరుకు కావలసినవి ఉండవు. రెండు వందల పేజీల గట్టి అట్ట నోటుబుక్కు ఒకటి విడిగా పెట్టండి. అందులో గుడి మెట్టు గుర్తు ఫోటో, ప్రతి వీధి లెవెల్స్, గడపల ఎత్తులు, వాన రోజుల గీతలు, తేదీలు, ఏ పైపు ఎక్కడ దాటుతుందో చేత్తో గీసిన బొమ్మలు ఉండాలి. దాన్ని వార్డు సచివాలయం బీరువాలో ఉంచి, ఒక నకలు కమిషనర్ పేషీలో ఇచ్చి సంతకం తీసుకోండి. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన రోజు బీరువా తాళంతో పాటు ఆ పుస్తకాన్ని కొత్తగా వచ్చినవారి చేతికిచ్చి, వాళ్లను వెంటబెట్టుకుని గుడి మెట్టు దాకా నడిచి, గుర్తు ఎక్కడుందో వేలితో చూపించి రండి.